గొర్రెల సంఘంలో నాకు లేని ఓటు

పశువైద్యంలో పట్టా పుచ్చుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఈ మధ్య తరచుగా మా ఇంటికి వస్తున్నారు. వనపర్తిలో రిటైరై కూర్చున్నాను. చేతినిండా తీరిక ఉంది, టీ బాగా పెడతానన్న పేరుంది. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మేడం, ఫీల్డులో ఏ మందు బాగా పనిచేస్తుంది?" మందు సంగతి డబ్బా మీదే రాసి ఉంటుంది. డబ్బా మీద రాసి లేనిది కొంత ఉంది. అది చెప్పడానికే ఈ కాగితాలు ఖరాబు చేస్తున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా గొర్రెల, మేకల మధ్య తిరిగాను. పెద్దమందడి, ఉప్పునుంతల, మల్దకల్, మధ్యలో ఇంకొన్ని ఊళ్లు. ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో నాకు సరిగ్గా గుర్తు లేదు. వచ్చినప్పుడల్లా మా ఆయన మిఠాయి తెచ్చాడు, అంతవరకే జ్ఞాపకం. కానీ నాతో మొహమాటం లేకుండా మాట్లాడిన కాపరులు మాత్రం పేరుపేరునా గుర్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక సహకార సంఘంలో సభ్యులు. నాకు పని నేర్పింది ఆ సంఘాలే. పనితోపాటు కాస్త బుద్ధి కూడా నేర్పాయి.

గొంతు పోయిన నెల

మొదటి పోస్టింగు పెద్దమందడి. వానలు మొదలయ్యే లోపు గొర్రెలకు చిటుక రోగం టీకా వేయాలి. తొలకరి పచ్చికను ఆబగా మేసిన గొర్రె పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి ఉండదు. వైద్యం చేసేంత సమయం ఆ రోగం ఇవ్వదు, కాబట్టి ముందే టీకా వేసుకోవాలి. నేను ఐసు డబ్బాలో సీసాలు సర్దుకుని మంద మందకూ తిరిగాను. ఒకాయన రేపు రమ్మన్నాడు. ఇంకొకాయన నన్ను దూరం నుంచే చూసి మందను గుట్ట వెనక్కి తోలాడు. మూడో ఆయన నిలబడి మర్యాదగా చెప్పాడు.

"సూదేస్తె కడుపుతోని ఉన్న గొర్లు ఈసుకపోతయంట, పిల్లలు కడుపులనే పోతయంట గద మేడం. మా బామ్మర్ది చెప్పిండు."

ఆ బామ్మర్ది ఎవరో గాని, నెల రోజులపాటు నేను అతనితోనే పోట్లాడాను. అరిచి అరిచి గొంతు పోయింది. చివరికి అక్కడి గొర్రెల సంఘం పెద్దమనిషి ఒకాయన నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

"నువ్వు మంద మందకు తిరిగితే ఒక్కొక్కడు ఒక్కో సాకు జెప్తడమ్మా. మాకు జెప్పు. మాకెవడు సాకు జెప్తడో మేం జూస్తం" అన్నాడు.

సంఘం ఒక రోజు పెట్టింది. ఊరి బయట బీడులోకి మందలన్నీ రావాలి. మొదట పెద్దమనిషి మందకే సూది. టీకా వేయించుకోని మంద ఆ ఏడాది మిగతా మందలతో కలిసి మేయకూడదు, కలిసి నీళ్లు తాగకూడదు. ఒక సభ్యుడు అత్తగారి ఊళ్లో ఎవరో పోతే వెళ్లాడు. అతని గొర్రెలను మిగతావాళ్లే తోలుకొచ్చి, పట్టుకుని వేయించారు. మధ్యాహ్నం భోజనాల వేళకు పని అయిపోయింది. నెల రోజులు నేను చేయలేని పనిని వాళ్లు ఒక్క పూటలో చేశారు. బామ్మర్ది పేరు మళ్లీ వినబడలేదు.

సంఘం బతికుందా లేదా

అలాగని ప్రతి సంఘానికీ దండం పెట్టమని చెప్పను. నేను చూసిన సంఘాల్లో చాలావాటికి బోర్డూ తాళమూ తప్ప ఇంకేమీ లేవు. ఏదో పథకం వస్తుందంటే పుడతాయి, పథకం అయిపోగానే పడుకుంటాయి. బతికున్న సంఘాన్ని గుర్తుపట్టడానికి నేనొక ప్రశ్న అడిగేదాన్ని: "పోయిన ఏడాది మీలో మీరు దేని గురించి కొట్లాడుకున్నారు?" బతికున్న సంఘమైతే నలుగురూ ఒకేసారి చెప్పడం మొదలుపెడతారు. "మాలో కొట్లాటలేం లేవు మేడం, అంతా కలిసిమెలిసి ఉంటాం" అన్నారంటే సైకిలెక్కి వచ్చేయడమే.

బతికున్న సంఘం చేసే పనులు చూడ్డానికి చిన్నవి. ఎవరికైనా కాలు విరిగితే వాళ్ల మందను మిగతావాళ్లు వంతులేసుకుని మేపుతారు. ఎరువు కోసం ఏ రైతు పొలంలో ఏ మంద ఎప్పుడు నిలవాలో ముందే అనుకుంటారు. దాంతో గొర్రెలు లేని రైతు కూడా నిశ్చింతగా ఉంటాడు, గట్ల దగ్గర తగాదాలు తగ్గుతాయి. ఉన్ని కత్తిరించే రోజు అందరిదీ ఒకటే అయితే, గొంగళ్లు నేసే ఇళ్లకు ఒకేసారి సరిపడా ఉన్ని దొరుకుతుంది. సంఘంలో సభ్యులు నలభై ఇళ్లే అయినా, దాని మీద ఆధారపడేది ఊరంతా. ఈ సంగతి నాకు పుస్తకాల్లో ఎవరూ చెప్పలేదు.

ఉప్పునుంతలలో ఇంకో ముక్క నేర్చుకున్నాను. అక్కడి సంఘం అడవి అంచున ఉండే నాలుగు కుటుంబాలకు సభ్యత్వం ఇచ్చింది. ఒక్కో ఇంటికి నాలుగైదు మేకలు, అంతే. ఇంత తక్కువ ఉన్నవాళ్లను ఎందుకు చేర్చుకున్నారని నేను తెలివిగా అడిగాను. ఆ వేసవిలో బోర్లు ఎండిపోయి మందలు నల్లమల వైపు నడిచాయి. ఆ నాలుగు కుటుంబాల వాళ్లే ముందు నడిచి, వాగు ఇసుకలో ఎక్కడ చెలిమ తవ్వితే నీళ్లు ఊరతాయో చూపించారు. వందల గొర్రెలు ఆ నీళ్లు తాగి బతికాయి. నేను ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఎర్ర పొట్టేళ్లు

ఇంత నేర్చుకున్నదాన్ని మల్దకల్‌కు వచ్చేసరికి ఎలా మర్చిపోయానో చెప్పాలి. అనుభవంతోపాటు పొగరు కూడా వస్తుంది, ఎవరికీ కనబడకుండా వస్తుంది.

మల్దకల్ దగ్గరి ఒక ఊళ్లో నలభై మూడు ఇళ్ల గొర్రెల సంఘం ఉండేది. ఊరి పేరు రాయను. వాళ్లు చదివితే నవ్వుకుంటారు గాని, పక్క ఊరివాళ్లు చదివితే వాళ్లను ఆట పట్టిస్తారు. అధ్యక్షుడు తిమ్మప్ప నెమ్మదస్థుడు, పది మాటలు విని ఒక మాట మాట్లాడేవాడు. అందరికన్నా పెద్ద మంద నర్సింలుది, మూడు వందల గొర్రెలు. అందరికన్నా చిన్న మంద ఈరమ్మది, పన్నెండు. ఈరమ్మ భర్త పోయిన మనిషి, పుట్టిల్లు రాయచూరు వైపు. అవునని చెప్పాలంటే ఇప్పటికీ "హౌదు" అనేది. మూడు వందలున్నా పన్నెండున్నా సంఘంలో ఎత్తడానికి ఒక్క చెయ్యే.

ఆ సంఘానికి ఉమ్మడి పొట్టేళ్లు ఉండేవి, అన్నీ నల్లవే. ఒక్కో మందలో ఒక్కో వంతు ఉండి, వంతు అయ్యాక పక్క మందకు పోవాలి. అప్పజెప్పే రోజు కొమ్ములకు పసుపు రాసి, వీధిలో నడిపించుకుని తీసుకెళ్లేవాళ్లు. తీసుకునేవాడు అందరి ముందూ దాని డెక్కలు, కళ్లు, వీపు తడిమి చూసేవాడు. పొట్టేలును మాడ్చి, బక్కచిక్కించి అప్పజెప్పినవాడికి ఆ ఏడాదంతా ఊళ్లో అదే చెడ్డపేరు. దానివల్ల సొంత పిల్లలకన్నా పొట్టేలుకే ముందు పెట్టేవాళ్లున్నారని ఆడవాళ్లు అనేవాళ్లు.

అప్పుడు జిల్లాలో మాకొక పెద్ద సారు ఉండేవాడు. మంచివాడే, కానీ ఫోటోల పిచ్చి. గొర్రెను ఎప్పుడూ ఎడమ పక్క నుంచే చూసేవాడు, ఫోటో అటు నుంచే బాగా పడుతుందని. నల్ల గొర్రె చిన్నది, బరువు రాదు, కోస్తా నుంచి పొడుగు కాళ్ల ఎర్ర పొట్టేళ్లను తెప్పిద్దామన్నాడు. తప్పంతా ఆయన మీదికి తోసేస్తే నాకు హాయిగా ఉండేది. కానీ ఆయన చెప్పింది పొట్టేళ్లను తెప్పించడం వరకే. ఊళ్లో ఉన్న నల్ల మగవాటన్నిటికీ విత్తులు నొక్కేయాలి, లేకపోతే సంకరం శుభ్రంగా రాదు అన్నది నా సొంత తెలివి.

మా దవాఖానలో కాంపౌండరు ఖాజా, నాకన్నా పదేళ్లు పెద్ద. పట్కారుకు నూనె రాస్తూ నెమ్మదిగా అన్నాడు.

"అన్నీ ఒక్కనాడే నొక్కుడెందుకు మేడం? జర సగం ఉంచుదాం. ఒక వానకాలం జూసి, మిగిలినయి అప్పుడు జూద్దాం."

"సగం సగం పని నాకు చేతకాదు ఖాజా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మీద నాకే ముచ్చటేసింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

సంఘం మీటింగులో లెక్చరిచ్చాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఈరమ్మ ఒక్కతే అడిగింది.

"నల్లదానికేం రోగమొచ్చిందని మారుస్తుండ్రు డాక్టరమ్మా?"

"రోగమేం లేదమ్మా. ఎర్రది ఇంకా బరువొస్తది."

"బరువు మీకు గావాల్నా, మాకు గావాల్నా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత తిమ్మప్ప చేతులెత్తమన్నాడు. నలభై రెండు చేతులు లేచాయి. ఈరమ్మ చేతులు కొంగులోనే ఉండిపోయాయి.

గోనె సంచి

ఒక్క రోజులో ఊళ్లోని నల్ల పొట్టేళ్లన్నీ అయిపోయాయి. ఖాజా పట్టుకుంటుంటే నేను నొక్కాను. సాయంత్రానికి చెయ్యి వాచింది, పెద్ద సారు ఫోను చేసి మెచ్చుకున్నాడు. చివరికి ఈరమ్మ దొడ్డి దగ్గరికి వెళ్లాం. ఒక మగపిల్ల ఉంది. అప్పటికి చిన్నదే, కానీ ఛాతీ వెడల్పు, ఉన్ని దట్టం, నలుపంటే నలుపు. మిగతావాటిలా చెవి కోసి గుర్తు పెట్టలేదు, మెడలో పసుపు గుడ్డ కట్టి ఉంది. ఈరమ్మ దానికీ నాకూ మధ్య నిలబడింది.

"ఇది బీరప్పది. దీని మీద చెయ్యెయ్యనియ్య."

ఈరమ్మ కూతురికి అంతకుముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డలు దక్కలేదు. అప్పుడు మూడోసారి కడుపుతో ఉంది. బిడ్డ బతికి, తన కాళ్ల మీద తాను నడిచి జాతరకొచ్చిన ఏడు ఈ పొట్టేలును బలిస్తానని ఈరమ్మ కాపరుల దేవుడు బీరప్పకు మొక్కుకుంది. దేవుడికి విడిచినదాని జోలికి మేం రామని తిమ్మప్ప చెప్పేశాడు. నేను ఊరుకోలేదు. ఒక్కటి మిగిలినా సంకరం పాడవుతుంది, సంఘం తీర్మానం అందరికీ ఒకటే అన్నాను. ఈరమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది.

"సంఘం మాట సంఘం మాటనే. నేను చెయ్యెత్తకున్నా నాకూ అదే మాట. గొర్ల మీదికి పోకుంట నేను జూసుకుంట" అంది.

మర్నాటి నుంచి ఆ పొట్టేలు కడుపు కింద గోనె సంచి వేలాడింది. గొర్రెల మీదికి పోకుండా ఆపడానికి కాపరులు కట్టేది అదే. అది పెరిగేకొద్దీ సంచి పెద్దదయింది గాని, ఒక్క రోజు కూడా ఊడలేదు. తను ఒప్పుకోని తీర్మానాన్ని అంత కచ్చితంగా పాటించిన మనిషిని నేను ఆ ఉద్యోగంలో ఇంకొకరిని చూడలేదు. దారిలో నర్సింలు ఆట పట్టించేవాడు.

"ఏంది ఈరక్కా, పొట్టేలుకు లంగా కుట్టించినవ్?"

"నీ ఎర్ర పిల్లలకు చలేస్తది గద, వాటికి గూడ కుట్టిస్త తియ్" అనేది ఈరమ్మ.

మొదటి ఏడు నేను గాల్లో తేలాను. ఎర్ర పిల్లలు ఎత్తుగా, నిగనిగలాడుతూ పెరిగాయి. పెద్ద సారు వచ్చి, ఎడమ పక్క నుంచి, ఎన్ని ఫోటోలు తీయించుకున్నాడో లెక్క లేదు. ఆ ఏడు వానలు పల్చగా పడ్డాయన్న సంగతి నేను పట్టించుకోలేదు.

ముసురు

రెండో ఏడు వానాకాలంలో ముసురు పట్టింది, ఎనిమిది రోజులు వదల్లేదు. మందలు నల్లరేగడి చేలల్లో ఉన్నాయి. మోకాలి లోతు బురద, తల దాచుకోవడానికి గూడు లేదు. నల్ల తల్లి గొర్రెలు మధ్యమధ్య ఒళ్లు దులుపుకుని నిలబడ్డాయి. వాటి ఉన్ని నీళ్లను చర్మం దాకా పోనివ్వదు. ఎర్ర సంకరం పిల్లల ఒంటి మీద ఉన్నది ఉన్ని కాదు, వెంట్రుక. అవి మొదటి రోజే తడిసి ముద్దయ్యాయి, మూడో రోజుకు వణకడం మొదలైంది, నాలుగో రోజు నుంచి ముక్కులు కారుతూ ఒక్కొక్కటే కూలబడ్డాయి.

ఖాజా, నేను మందు సంచులు భుజాన వేసుకుని బురదలో తిరిగాం. సూది వేసి వెనక్కి తిరిగేలోపు పక్కది పడేది. నర్సింలు మందలో పోయినన్ని ఎవరి మందలోనూ పోలేదు. అతను గట్టు మీద గొంగడి కప్పుకుని కూర్చుని నా వైపే చూస్తున్నాడు. తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను ఒక్క మాటే అడిగాడు.

"మీకు తెల్వదా డాక్టరమ్మా, ఇక్కడ వానెట్ల పడ్తదో?"

నాకు తెలుసు. పుట్టింది వనపర్తిలో, ఈ ముసుర్లలోనే బడికి వెళ్లాను. తెలిసి కూడా బరువు తప్ప ఇంకేమీ చూడలేదు. ఆ రోజు చేనులోనే నిలబడి ఏడ్చాను, వాన పడుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదనుకున్నాను. ఖాజా నా వైపు చూడకుండా అన్నాడు: "ఇంక రెండు మందలున్నయి మేడం. పోదాం పాండ్రి." సగం ఉంచుదామని తను చెప్పిన మాటను ఖాజా ఆ రోజే కాదు, రిటైరయ్యేదాకా ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు.

ఉన్ని కత్తిరించే కాలం వచ్చింది. బతికిన సంకరం పిల్లల మీద కత్తిరించడానికి ఏమీ లేదు. గొంగళ్లు నేసే నాలుగు ఇళ్ల మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. వాళ్లు సంఘంలో సభ్యులు కూడా కారు. నేను లెక్చరిచ్చిన రోజు వాళ్లను ఎవరూ పిలవలేదు, అడగలేదు.

ఎర్ర పొట్టేళ్లను వద్దని సంఘం తీర్మానించింది. మరి నల్లవి ఏవి? సంతలన్నీ తిరిగాం, రాయచూరు వైపు కూడా వెళ్లొచ్చాం. పైకి నల్లగా ఉన్నవి దొరికాయి. ఉన్ని పాయ తీసి చూస్తే లోపల సగం వెంట్రుకే. అటు వైపు కూడా నాలాంటి డాక్టర్లు తిరిగినట్టున్నారు. ఆ నేలకు, ఆ వానకు తట్టుకున్న పాత నల్ల రక్తం మచ్చ లేకుండా మిగిలింది ఒక్కదానిలోనే. అది ఈరమ్మ దొడ్డిలో గోనె సంచి కట్టుకుని ఉంది, దానికి నెల రోజులే గడువుంది. మనవరాలికి నడక వచ్చింది. వచ్చే జాతరకు మొక్కు తీర్చాలి.

చేతులు

సంఘం కొట్టంలో మీటింగు పెట్టారు. నన్నూ ఖాజానూ పిలిచారు. ఈరమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల దిగుతానని పేచీ పెడుతోంది.

తిమ్మప్ప విషయం చెప్పాడు.  దేవుడి దాన్ని ఇమ్మని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. నర్సింలే మొదలుపెట్టాడు.

"ఈరక్కా, దాని బదులు నా మందల నుంచి నీకిష్టమొచ్చిన రెండు తీసుకపో. బీరప్పకియ్యి."

"దేవునితోని బేరం జేస్తరా నర్సింలూ?"

నేను కల్పించుకుని, జాతరకు ముందే మందల్లోకి వదులుదామన్నా లాభం లేదని, గొర్రెలు ఎదకొచ్చేది తొలకరికేనని, జాతర అయ్యాక ఇంకా నాలుగు నెలలు పొట్టేలు బతికి ఉండాలని వివరించబోయాను. ఈరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తెల్వదా తల్లీ? గొర్ల మధ్యనే పుట్టిన. నావి గూడ ఐదు పిల్లలు పోయినయి. ఈ పొట్టేలు పోతే ఊర్ల మందలు ఎట్లయితయో మీకన్న నాకే ఎక్కువ తెల్సు. గొర్లు మల్ల పుడ్తయి. మొక్కు దప్పి ఈ పిల్లకేమన్న అయితే?"

పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుంది. అంతవరకు ఆమెను వేళాకోళం చేసిందీ, గడుసుదని అన్నదీ అందరం మర్చిపోయాం. ఆమె భయపడుతోంది, నిజంగా భయపడుతోంది. నేను దేవుళ్లను పెద్దగా పట్టించుకునే మనిషిని కాను, కానీ ఆ పిల్ల రెండు చేతులతో వాళ్లమ్మమ్మ ముక్కుపుడక పట్టుకుని లాగుతుంటే నాకు మా అమ్మాయి గుర్తొచ్చింది. ఈరమ్మే మళ్లీ అందుకుంది.

"మనం పొట్టేళ్లను పంచుకుంటం. నీళ్లు పంచుకుంటం. లాభమొస్తే పంచుకుంటం. మొక్కు దప్పిన పాపం గూడ పంచుకుంటరా? దేవుని కోపం నా ఒక్క ఇంటి మీద పడకుంట, నలభై మూడిండ్ల మీద పడనిస్తరా? పడనిస్తమంటే చెప్పుండ్రి, ఇప్పుడే ఇస్త."

 అక్కడున్న ప్రతివాళ్ల ఇంట్లోనూ పిల్లలున్నారు. ఎర్ర పొట్టేళ్లకు చేతులెత్తినంత తేలిక కాదు ఇది. వెనక నుంచి ఒకతను లేచి బయటికి నడిచాడు.

"యాడికి పోతున్నవ్?" అన్నాడు తిమ్మప్ప.

"ఇంటి మీద అంటున్నది గద. నేనొక్కన్ని ఎట్ల జెప్త? మా ఆమెను అడిగొస్త."

దాంతో సగం మంది లేచారు. మీటింగు ఆగిపోయింది. గంటసేపు ఊళ్లో ఇంటింటా అదే మాట. ఎవరింట్లో ఏం వాదించుకున్నారో నాకు తెలియదు. ఒక ఇంట్లోంచి గిన్నె విసిరిన చప్పుడు మాత్రం విన్నాను. తర్వాత ఒక్కొక్కరే తిరిగొచ్చారు, చాలామంది భార్యలను వెంటబెట్టుకుని వచ్చారు. ఆ సంఘం మీటింగులో అంతమంది ఆడవాళ్లను అంతకుముందెప్పుడూ చూడలేదు.

మొదట నర్సింలు చెయ్యి ఎత్తాడు. ఇంట్లో నెలల మనవడున్న మనిషి. పక్కన అతని భార్య కూడా ఎత్తింది. తర్వాత అందరూ ఎత్తారు. తిమ్మప్ప వేలితో చూపిస్తూ లెక్కబెట్టి, ఒక్కసారిగా ఆగాడు.

"డాక్టరమ్మా, మీకు ఓటు లేదు."

నా చెయ్యి కూడా పైన ఉంది. ఎప్పుడెత్తానో నాకే తెలియదు.

"ఓటు కాదు తిమ్మప్పా. నా ఇల్లు గూడ లెక్కల పెట్టుండ్రి" అన్నాను. అప్పటికి మా అమ్మాయి ఆరో తరగతి.

తిమ్మప్ప ఈరమ్మ వైపు చూశాడు. ఈరమ్మ నా వైపు తిరిగింది.

"హౌదు, పెట్టుండ్రి" అంది. "సగం పాపం ఆమెదే గద."

అందరూ నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈరమ్మ లేచి, పిల్లను నర్సింలు భార్య చేతికిచ్చి, బయట కట్టేసి ఉన్న పొట్టేలు దగ్గరికి వెళ్లి గోనె సంచి విప్పింది. విప్పి నా చేతిలో పెట్టింది.

"ఇంకోపారి ఏమన్న కొత్తది తెస్తే, ముందు దానికి కట్టుండ్రి. రెండు వానకాలాలు జూసినంక ఇప్పుదాం."

పిల్లలూ, కొత్త ఉద్యోగానికి నేనిచ్చే సలహా ఏదైనా ఉంటే, అది ఆమె మాటే.

జాతర

ఆ తొలకరికి పొట్టేలు మందల్లోకి వెళ్లింది. కొమ్ములకు పసుపు రాసుకుని, వంతుల ప్రకారం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచింది. నల్ల పిల్లలు పుట్టాయి, వాటిలో మంచి మగవాటిని సంఘం ఉంచుకుంది. గొంగళ్లు నేసే ఇళ్లవాళ్లను కూడా మీటింగులకు పిలవడం మొదలుపెట్టారు. ఇవన్నీ తర్వాతి సంగతులు. అంతకుముందు, ఆ జాతర రోజు జరిగింది చెప్పాలి.

సంఘమంతా కలిసి వెళ్లాం. నేను మా ఆయన్నీ అమ్మాయినీ కూడా తీసుకెళ్లాను. గొర్రెల డాక్టరుకు జాతరలో ఏం పనని మా ఆయన దారంతా అడుగుతూనే ఉన్నాడు. ఈరమ్మ మనవరాలు గుడి ముందర రెండుసార్లు పడి, లేచి, నడిచింది. ఈరమ్మ కళ్లు మూసుకుని నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి గాని మాట పైకి రావడం లేదు.

తిమ్మప్ప ముందుకొచ్చి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడాడు.

"తండ్రీ, ఈ మొక్కు ఇంక ఈరమ్మది గాదు. పొట్టేలును మేం ఉంచుకున్నం, ఆమె ఉంచుకోలే. నీకు కోపమొస్తే ఆమె ఒక్కదాని ఇంటికి పోవద్దు. మా అందరి ఇండ్లకు రా."

అని, ఇళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. దేవుడు దారి తప్పకూడదన్నట్టు ప్రతి ఇంటికీ గుర్తు చెప్పాడు. వేపచెట్టు నర్సింలు ఇల్లు. బోరింగు పక్కన గోవిందమ్మ ఇల్లు. రేకుల కొట్టం హనుమంతు ఇల్లు. తమ పేరు విన్న ప్రతి ఇంటివాళ్లూ, "ఆ, మాది" అన్నారు. నలభై మూడూ అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. ఈరమ్మ కళ్లు తెరిచింది.

తిమ్మప్ప ఊపిరి తీసుకుని, వెనక్కి తిరిగి నన్ను వెతికి చూసి, మళ్లీ దేవుడి వైపు తిరిగాడు.

"మల్దకల్‌ల పశువుల దవాఖాన ఎనక, ఆకుపచ్చ తలుపుల క్వార్టరు. డాక్టరమ్మ ఇల్లు."

మా అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆ, మాది" అన్నాను.